నేను బిగించిన పోర్టు మీద పడ్డ నింద

ఆ కాయితం మీద నేను సంతకం పెట్టలే. బేరాలు పోతయన్నరు, పెట్టలే. ఓనర్ సార్ బతిమిలాడిండు, పెట్టలే. ఒక్క సంతకానికి గింత పట్టుదల ఎందుకని అప్పుడు చానమంది అడిగిండ్రు. కార్ల వైరింగ్ పని నేర్చుకుంటున్న పిల్లలు, అందుట్ల ఆడపిల్లలు, ఇప్పుడు నా దగ్గరికి ఒచ్చి "అమ్మా, మీ పనిల మీకు బాగ యాదికుండే దినం ఏది" అని అడిగితె నేను గా సంగతే చెప్త. అయితె ఇది నేను గెలిచిన కథ అనుకొని చదవకుండ్రి. సగమే గెలిచిన. కడమ సగం ఎట్ల ఓడిన్నో కూడ చెప్త. అది చెప్పకపోతె గింత రాసుడే దండగ.

మాది నల్గొండ దిక్కు ఒక పల్లె. పెండ్లయినంక పట్నం ఒచ్చినం. మా ఆయన పాల వ్యాను నడిపేటోడు. ఒక్కల సంపాదన సాలక నేను వైర్ల కంపెనీల చేరిన. ట్రాక్టర్లకు, కార్లకు లోపట ఉండే వైర్ల కట్టలు తయారుచేసే చిన్న కంపెనీ అది. తొమ్మిదేండ్లు నిలువుకాళ్ల మీద పనిచేసిన. వైరు కొసకు పైపొర ఒలుచుడు, పిన్ను ఒత్తుడు, బోర్డు మీది మేకుల నడుమ రంగురంగుల వైర్లు పరిచి కట్ట కట్టుడు. కండ్లు మూసుకున్నా ఏ వైరు యాడికి పోతదో చేతికి తెలుస్తుండె. గాని ఆ కట్ట పోయి కూసునే కారు లోపల ఎట్లుంటదో మాత్రం ఏనాడూ చూడలే.

ఆ కంపెనీ ఊరవతలికి తరలిపోయింది. గంత దూరం పోయి రాలేక మానేసిన. పని వెతుక్కుంట తిరుగుతున్నప్పుడు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే తొవ్వల, ఒక సందుల కార్ల సామాన్ల దుకాణం కనపడ్డది. సీటు కవర్లు, మ్యాట్లు, స్పీకర్లు, రివర్స్ కెమెరాలు అమ్ముతరు, దుకాణం ముంగటనే రోడ్డు మీద బండి నిలబెట్టి బిగిస్తరు. బయట 'ఎలక్ట్రీషియన్ కావలెను' అని అట్టముక్క ఏలాడుతుంది. లోపటికి పోయి అడిగిన.

ఓనర్ సార్‌ది విజయవాడ దిక్కు. మంచి మనిషే. కాని నన్ను చూసి నవ్వు ఆపుకోలేకపోయిండు.

"ఇక్కడ కుట్టుపని లేదమ్మా. సీటు కవర్లు కుట్టినవే వస్తాయి," అన్నడు.

"నేను కుట్టుపనికి రాలే సార్. బయట ఏం రాసిండ్రో చదువుకొనే ఒచ్చిన."

లోపట స్టూలు మీద పెద్ద మేస్త్రి కూసోని చాయ్ తాగుతుండు. మూసారాంబాగ్ నుంచి స్కూటర్ మీద ఒచ్చేటోడు. అంబాసిడర్ కార్ల కాలం నుంచి కార్ల కరెంటు పని చేసిన మనిషి. ఆయన రెండు వైరుముక్కలు నా ముంగట ఏసిండు. "జోడించి ఇయ్యి" అన్నడు. జోడించి ఇచ్చిన. రెండు చేతులతోని పట్టి గుంజిండు. రాలే. కాలు కింద తొక్కిపట్టి గుంజిండు. వైరు తెగింది గాని జోడు ఊడలే.

"ఉండనీ సార్," అన్నడు ఓనర్ దిక్కు చూడకుండనే.

గట్ల చేరిన. కారు లోపలి సంగతులన్ని పెద్ద మేస్త్రే నేర్పిండు. డ్యాష్‌బోర్డు పగలకుండ ఎట్ల ఇప్పాలె, ఏ వైరును ముట్టుకోవద్దు, ఎయిర్‌బ్యాగ్ వైర్లు కనపడితె చెయ్యి ఎనకకు ఎట్ల తీసుకోవాలె, అన్నీ. నేను ఆయనను అన్నా అనేదాన్ని. ఆయన నన్ను అమ్మా అనేటోడు, కోపమొస్తె మాత్రం 'ఓ కంపెనీ మేడం' అనేటోడు.

బేరానికి ఒచ్చేటోళ్లతోనే పరేషాన్. నేను స్క్రూడ్రైవర్ పట్టుకొని లేస్తె చాలు, "మేస్త్రి లేడా?" అని అటు ఇటు చూసేటోళ్లు.

"నేనే మేస్త్రిని. చెప్పుండ్రి."

"గట్ల కాదమ్మా, మగమనిషి ఎవరూ లేరా?"

"వైరు పట్టిందెవరో మీ కారుకు తెలుస్తదా సార్?"

కొంతమంది నవ్వి కూసునేటోళ్లు. కొంతమంది బండి తీసుకొని పోయేటోళ్లు. పోయినోళ్లను నేను ఏనాడూ పిలవలే.

అప్పటికి మెట్రో ఎల్బీనగర్ దాక నడుస్తుంది. యాడ చూసినా క్యాబులే. క్యాబు నడిపేటోళ్లకు ఫోనే అన్నం గిన్నె. తొవ్వ చూపెట్టేది అదే, బేరం చెప్పేది అదే. సిగరెట్ లైటర్ బొక్కల పెట్టే చార్జర్ ఉంటది చూడుండ్రి, అది ప్రతి గుంతకు ఎగిరి లూజైతది. పాసింజరు ఎక్కినంక ఫోను బంద్ అయితె ఇగ బతుకు బజార్ల పడ్డట్టే. గందుకని అందరు యూఎస్‌బీ పోర్టును సీదా కారు వైరింగుకే కలిపి, డ్యాష్‌బోర్డుల బిగించుమని ఒచ్చేటోళ్లు. హార్డ్‌వైరింగ్ అంటరు.

చూసెటందుకు అల్కటి పనే. స్టీరింగ్ కింద కుడిదిక్కు ఫ్యూజుల డబ్బా ఉంటది. అండ్లకెల్లి ఒక లైను తీసుకోవాలె. ఆ లైను తాళంచెవి తిప్పితెనే కరెంటు వచ్చేదై ఉండాలె. ఎప్పటికీ కరెంటు ఉండే లైనుకు కలిపితె, బండి తాళమేసి పండుకున్నా ఆ పోర్టు బ్యాటరీని జలగలెక్క తాగుతనే ఉంటది. నడుమ వేరే చిన్న ఫ్యూజు పెట్టాలె. ఇంకో వైరును బండి ఇనుముకు, రంగు లేని జాగల బోల్టు కింద బిగించాలె. మిగిలింది వైరును డ్యాష్‌బోర్డు ఎనక నుంచి నడిమిట్లకు తీసుకపోవుడే. గంతే.

ఆ ఎండకాలంల ఒక క్యాబు డ్రైవరు ఒచ్చిండు. ముప్పై ఏండ్లు దాటినోడు. మాట్లాడితె మా ఊరికి దగ్గరి ఊరోడే అని తెలిసింది. అక్కా అని పిలవబట్టిండు. బండి కొత్తది, కొని నాలుగు నెల్లు. లోను మీద తీసిండు.

"అక్కా, జర జల్ది చెయ్యి. మధ్యాహ్నం బేరాలు మస్తుంటయి," అన్నడు.

చేసిన. తాళం తిప్పితె పోర్టు మీది నీలం లైటు ఎలిగింది, చెవి తీస్తె ఆరిపోయింది. ఆయనను పిలిచి రెండుసార్లు చూపెట్టిన. ఫోను పెట్టి చూసిండు. "సూపరక్కా" అని, బేరం మోగితె ఉరికిండు.

మూడు వారాలకు మళ్ల ఒచ్చిండు. ఈసారి బండి మీద రాలే. మెట్రో దిగి నడుచుకుంట ఒచ్చిండు. ముఖం గుంజుకపోయింది.

"ఏం చేసినవక్కా నా బండిని?" అన్నడు. దుకాణం ముంగట పోయేటోళ్లు ఆగి చూసిండ్రు. "మూడుసార్లు పొద్దుగాల లేచేసరికి బ్యాటరీ దిగిపోయింది. ఒకసారి ఎయిర్‌పోర్టు బేరం పోయింది. సర్వీస్ సెంటర్ల పెడితె, బయట పోర్టు పెట్టిచ్చుకున్నవ్, అదే బ్యాటరీని తాగింది, ఇగ కరెంటు సామానుకు వారంటీ లేదు పో, అన్నరు."

చేతిల ఒక కాయితం ఉన్నది. బిగించిన పనిల తప్పు ఉన్నదని, దానివల్లనే బ్యాటరీ ఖరాబైందని మా దుకాణం ఒప్పుకుంటున్నట్టు ఇంగ్లీషుల టైపు చేసి ఉన్నది. కింద నా సంతకానికి జాగ. అది పెట్టిస్తె బ్యాటరీ సంగతి చూస్తమని సర్వీస్ సెంటరోళ్లు ఆయనకు ఆశ పెట్టిండ్రు.

ఓనర్ సార్ కాయితం చదివి నన్ను లోపటికి పిలిచిండు.

"చూడమ్మా, ఆ సర్వీస్ సెంటర్ వాళ్లు మనకి సీటు కవర్లకి రోజూ మనుషుల్ని పంపుతారు. వాళ్లతో గొడవెందుకు? సంతకం పెట్టేసెయ్. బ్యాటరీ ఏదో నేను సర్దుతాను. నిన్నేం అనను."

"నేను చెయ్యని తప్పుకు నన్నేం అనకపోవుడేంది సార్?"

"నువ్వు చెయ్యలేదని నీకెలా తెలుసు?"

ఆ మాటకు నాకు కోపం ఒచ్చింది, గాని అది అడగాల్సిన మాటే. నాకెట్ల ఎరుక? నీలం లైటు ఆరిపోవుడు చూసిన. గంతే ఎరుక. మీటర్ పెట్టి కొలవలే. పెద్ద మేస్త్రి దిక్కు చూసిన. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టి, "పెట్టనని చెప్పుడు ఒకటే కాదు, చూపెట్టు. మీటర్ తీసుకపో," అన్నడు.

డ్రైవరు దగ్గరికి పోయిన. "తమ్మీ, రేపు పొద్దుగాల సర్వీస్ సెంటర్ కాడికి నేనొస్త. వాళ్ల ముంగటనే కొలుస్త. నా పోర్టే బ్యాటరీని తాగుతుందంటె, ఆడనే సంతకం పెడ్త. కొత్త బ్యాటరీ నేనే తెస్త. కాదంటె, నువ్వు నా దిక్కు నిలబడాలె."

ఆయన నమ్మలే. ముఖం చూస్తెనే తెలుస్తుంది. అయినా "సరే రా" అన్నడు.

తెల్లారి నేను మీటరు, పనిముట్ల సంచి పట్టుకొని పోయిన. ఆ సర్వీస్ సెంటరు ఎల్బీనగర్ దాటినంక హైవే మీద, కార్ల షోరూముతోని కలిసే ఉంటది. లోపట చల్లగ ఏసీ, అద్దాల గది, మెడల ట్యాగు ఏసుకున్న మేనేజరు. ఆయన నన్ను పైనుంచి కిందిదాక చూసి, "మేడం, ఫిట్టర్‌ని పంపమన్నం కదా," అన్నడు.

"పంపిండ్రు. నేనే."

"కస్టమర్లు వర్క్‌షాప్‌లకి రావద్దు. రూల్."

"నేను కస్టమర్‌ను కాదు సార్. నా పనిల తప్పున్నదని మీరు రాసిండ్రు. తప్పు చూపెట్టుండ్రి, పోత. చూపెట్టకపోతె ఈ కుర్చీల కూసుంట."

కూసున్న. కారు కొననీకె ఒచ్చిన ఒక కుటుంబం పక్క సోఫాల కూసోని మా మాటలే ఇంటున్నరు. మేనేజరు వాళ్ల దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. పది నిమిషాలకు తలుపు తెరిచిండు.

ఇగ ఇన్నుండ్రి, ఇది మీకు పనికొచ్చేది. బండి ఆపినంక బ్యాటరీని ఏది తాగుతుందో చూడాలంటె, బ్యాటరీ నెగెటివ్ వైరు ఇప్పి, నడుమ మీటర్ పెట్టాలె. పెట్టంగనే కనపడే అంకె నమ్మొద్దు. బండి వెంటనే పండుకోదు, అంటె లోపలి కరెంటు సామాన్లన్ని బంద్ కావు, దానికి అరగంట టైము ఇయ్యాలె. తలుపు తెరిచి ఉంటె అసలే పండుకోదు. గందుకని డ్రైవరు దిక్కు తలుపు తెరిచే ఉంచి, దాని లాకును స్క్రూడ్రైవర్‌తోని మూతపడ్డట్టు నొక్కిన. బండి తలుపు మూసిండ్రనుకుంటది, మనకు ఫ్యూజుల డబ్బా అందుతది.

అరగంట ఆగినం. డ్రైవరు గోడకు ఆనుకొని నిలబడ్డడు. మేనేజరు రెండుసార్లు టైము చూసుకున్నడు. ఆ సర్వీస్ సెంటర్ల పనిచేసే టెక్నీషియన్ ఒకాయన, నడివయసు మనిషి, చేతులు తుడుచుకుంట నా మీటర్ దగ్గరికి ఒచ్చి నిలబడ్డడు. బండి పండుకున్నంక యాభై మిల్లీ ఆంప్స్ లోపు ఉండాలె. మీటర్ నాలుగొందలు దాటి చూపెడుతుంది. ఏదో తాగుతుంది, నిజమే.

మేనేజరు నవ్విండు. "చూసారా మేడం?"

"చూస్తున్న. ఇప్పుడు మీరు చూడుండ్రి."

వంగి నా పోర్టు ఫ్యూజు పీకిన. అరచేతిల పెట్టి అందరికి చూపెట్టిన. మీటర్ అంకె కదలలే. నాలుగొందలు నాలుగొందలే.

నాది దాని జాగల పెట్టేసిన. మళ్ల ఒక్కొక్క ఫ్యూజు పీకుకుంట, పెట్టుకుంట పోయిన. పాటల పెట్టె కాదు. లోపలి లైటు కాదు. తొమ్మిదోది పీకంగనే అంకె ధనామని పడ్డది. ఇరవై చిల్లరకు ఒచ్చి నిలబడ్డది.

"ఇది దేనిది సార్?" అని అడిగిన.

మేనేజరు టెక్నీషియన్ దిక్కు చూసిండు. టెక్నీషియన్ మెల్లగ అన్నడు, "ట్రాకర్‌ది."

క్యాబులకు యాడ తిరుగుతుందో తెలిపే ట్రాకర్ ఉంటది. ఆ బండికి దాన్ని బిగించింది ఈ షోరూమోళ్లే, బండి ఇచ్చే దినమే. దాని మీద వాళ్ల స్టిక్కరు కూడ ఉన్నది. అది లోపట ఖరాబై పండుకోకుండ కరెంటు తాగుతనే ఉన్నది.

"అది మా డిపార్ట్‌మెంట్ కాదు, సేల్స్ వాళ్లది," అన్నడు మేనేజరు.

"నా డిపార్ట్‌మెంట్ అయితె అస్సలే కాదు కదా సార్."

డ్రైవరు గోడ ఇడిసిపెట్టి ముంగటికి ఒచ్చిండు. ఆయన ముఖం ఇప్పారింది. నన్ను చూసి నవ్వబోతున్నడు. నేనూ మస్తు గర్వంగ నిలబడ్డ. తొమ్మిదేండ్లు కంపెనీల, ఆరేండ్లు దుకాణంల చేసిన పనంత గా ఒక్క నిమిషంల నెత్తిమీద కిరీటం లెక్క కూసున్నట్టనిపించింది.

గప్పుడే ఆ టెక్నీషియన్ ఫ్యూజుల డబ్బా మూత పెడదామని టార్చిలైటు ఏసిండు. ఏసి, అట్లనే ఆగిపోయిండు. లేచి నా ముఖం చూసిండు. టార్చి నా చేతికిచ్చిండు.

వంగి చూసిన. నా వైరు. ఫ్యూజుల డబ్బా నుంచి నడిమిట్లకు నేను గుంజిన వైరు. పైన ఉండాల్సింది కిందికి జారి, ఉచ్చులెక్క బ్రేక్ పెడల్ మీద ఏలాడుతుంది. పెడల్ కడ్డీకి తాకి తాకి ఒక జాగల పైపొర నలిగింది.

పైన ఆ పని గురించి చెప్పినప్పుడు ఒక ముక్క నేను మింగిన. అప్పట్ల నా మనసుల గూడ గట్లనే మింగిన. వైరును దారి పొడుగున గట్టి కడ్డీకి ప్లాస్టిక్ టైలతోని, అంటె గుంజితె బిగిసే సన్న పట్టీలతోని, కట్టాలె. ఆ దినం దుకాణంల టైలు అయిపోయినయి. దిల్‌సుఖ్‌నగర్ పోయి తెస్తె అరగంట పట్టేది. డ్రైవరు జల్ది చెయ్యమంటున్నడు. నేను నల్ల టేపు చుట్టి అతికించిన. ఎండలు మండే నెల. ఆపిన కారు లోపట టేపు జిగురు కరిగి నీళ్లలెక్క అయితది. గది నాకు ఎరుకలేనిదా? ఎరుకే. ఇయ్యాల్టికి పని నడుస్తది అనుకున్న.

మేనేజరు కూడ వంగి చూసిండు. ఆయన గొంతు ఒక్కసారే మారింది. "ఇదేంటి మేడం? బ్రేక్ మీద వైరా? మనిషి చచ్చిపోతే?"

ఒక్క క్షణం నా నోట్లకు అబద్ధం ఒచ్చింది. మీరు ఇప్పినప్పుడు జారి ఉంటది, అనొచ్చు. వాళ్లు నిజంగనే డ్యాష్‌బోర్డు ఇప్పి చూసిండ్రు కాబట్టి ఎవరూ కాదనలేరు. ఇప్పటిదాక గెలిచిన మనిషిని, నమ్ముతరు కూడ. టెక్నీషియన్ నన్నే చూస్తుండు.

"ఇది నాదే," అన్న. "నేను కట్టకుండ టేపు ఏసిన. తప్పు నాది."

డ్రైవరు తెరిచిన తలుపు కాడ కింద కూసున్నడు. వంగి చెయ్యి పెట్టి బ్రేక్ పెడల్ నొక్కిండు, ఇడిసిండు, నొక్కిండు. వైరు పెడల్‌తోని పాటు ఊగింది.

"అక్కా," అన్నడు. గొంతుల కోపం లేదు. గదే నాకు ఎక్కువ కొట్టింది. "నా బిడ్డ రోజు పక్క సీట్ల కూసుంటది. ఇదే బండిల బడికి దింపుత."

నేను టార్చి కింద పెట్టిన. వంగి ఆ వైరును పెడల్ మీదికెల్లి పక్కకు గుంజిన.

మేనేజరుకు మళ్ల ధైర్యం ఒచ్చింది. టైపు చేసిన కాయితం తెచ్చి బానెట్ మీద పెట్టిండు. "ఇప్పుడైనా సంతకం పెట్టండి. తప్పు మీదే అన్నారు కదా."

నేను ఆ కాయితం చదివిన. బ్యాటరీ ఖరాబు నా పనివల్లనే అని ఉన్నది. దాన్ని పక్కకు జరిపిన.

"చెయ్యని తప్పు మీద నేను సంతకం పెట్టను. చేసిన తప్పు రాసిస్త. తెల్లకాయితం ఇయ్యుండ్రి."

తెలుగుల రాసిన. బ్యాటరీ దిగుడుకు నేను బిగించిన పోర్టు కారణం కాదు, మీ అందరి ముంగట మీటర్ పెట్టి చూసినం. బ్రేక్ పెడల్ దగ్గర వైరు ఏలాడుడు మాత్రం నా తప్పు, టైలు లేకుండ టేపు ఏసిన. కింద పేరు, దినం రాసి సంతకం పెట్టిన. పెన్ను మేనేజరు చేతికిచ్చిన.

"ఇప్పుడు మీరు రాయుండ్రి. ట్రాకర్ ఎవరు పెట్టిండ్రో, అది ఏం చేసిందో."

"కంపెనీ తరఫున నేను అలా రాయలేను."

"నేను రాసిన కదా సార్. నాకు కంపెనీ లేదు, ఏసీ గది లేదు. నేనే రాసిన."

ఆయన రాయనన్నడు. నేను కదలలే. డ్రైవరు బండిని పని జరిగే జాగలనే ఉంచి, చెవి జేబుల ఏసుకున్నడు. "మా అక్క కదిలినప్పుడే నా బండి కదులుతది," అన్నడు. మా అక్క అన్నడు, అప్పుడు, గా వైరు చూసినంక. ఎనక ఇంక రెండు బండ్లు లైన్ల ఆగినయి. వాటి ఓనర్లు అద్దాల గదికి పోయి ఏమైందని అడగబట్టిండ్రు. మధ్యాహ్నం దాటినంక మేనేజరు పెద్దసార్‌కు ఫోన్ చేసి, గొణుక్కుంట గొణుక్కుంట రెండు లైన్లు రాసి ముద్ర ఏసిండు. బ్యాటరీ, ట్రాకర్ మార్చి ఇస్తమన్నరు. వారంటీ అట్లనే ఉంటదన్నరు.

నా వైరును ఆడనే ఇప్పి, కొత్త వైరు ఏసి, దారి మార్చి గుంజి, టైలు పెట్టి కట్టిన. టైలు ఆ టెక్నీషియన్ ఇచ్చిండు. గుప్పెడు తెచ్చి పక్కన పెట్టిపోయిండు.

ఇంత జరిగినంక నేను సంబరంగ దుకాణంకు పోలే. ఒకటే లెక్క నెత్తిల తిరుగుతుంది. టైలు ఆ ఒక్క దినమే అయిపోలే. పది దినాలు లేకుండె. ఆ పది దినాలల్ల ఇంక ఎన్ని బండ్లకు టేపు ఏసిన్నో?

బిల్లు బుక్కు తీసి చూసిన. పదకొండు.

"సార్, వీళ్లందరికి ఫోన్ చెయ్యాలె. బండ్లు తెమ్మనాలె," అన్న.

ఓనర్ సార్ అప్పటికే నా మీద మండిపడుతున్నడు. సర్వీస్ సెంటర్ నుంచి ఆయనకు ఫోన్ ఒచ్చింది, ఇగ మనుషులను పంపేది లేదని చెప్పిండ్రు. "నీకు పిచ్చి పట్టిందా? మనమే ఫోన్ చేసి మా పనిలో తప్పుందని చెప్పుకోవాలా? రేపు ఈ సందులో ఎవరైనా మన గుమ్మం తొక్కుతారా?"

"తప్పుంది కదా సార్."

"ఇప్పటిదాకా ఎవరికీ ఏమీ కాలేదు కదా!"

"అయినంక ఫోన్ చేస్తె ఏం లాభం?"

"నా ఫోన్ నుంచి చెయ్యొద్దు. నా దుకాణం పేరు ఎత్తొద్దు. చేసుకుంటే నీ ఇష్టం. రేపటి నుంచి పనికి రావాలో వద్దో కూడా నువ్వే ఆలోచించుకో."

నా ఫోన్ నుంచే చేసిన. రోడ్డు మీద, మెట్రో పిల్లర్ నీడకు నిలబడి. కొంతమంది తిట్టిండ్రు. ఒకాయన "పైసలకు కొత్త ఉపాయమా?" అని పెట్టేసిండు. రెండుసార్లు చేసిన, మూడోసారి ఎత్తిండు. నేను మాట్లాడుతుంటె పెద్ద మేస్త్రి దుకాణంల నుంచి లేచొచ్చి, నా చేతుల ఉన్న బిల్లు బుక్కు తీసుకొని, కింది ఐదు నంబర్లు తన ఫోన్ల కొట్టుకున్నడు.

"నువ్వు ఏసిన టేపు నేను చూసిన," అన్నడు. "చూసి ఊకున్న. సగం నావి."

మూడు దినాలల్ల పది బండ్లు ఒచ్చినయి. దుకాణం ముంగట నిలబెట్టనియ్యలే ఓనర్ సార్. పక్క సందుల నిలబెట్టి చేసినం. పదిట్ల నాలుగింటికి టేపు ఊడి వైరు జారింది. ఒకదాంట్ల సరిగ్గ ఆ డ్రైవరు బండిల లెక్కనే, పెడల్ మీద. ఆ బండామె ఒక టీచరు. వైరు చూపెట్టినంక ఆమె వంగి ఏలుతోని ముట్టి చూసింది. లేచి నా చెయ్యి గట్టిగ పట్టుకున్నది. పదో బండి చేస్తుంటె ఓనర్ సార్ సందు మలుపు దాక ఒచ్చి, నిలబడి చూసి, ఎనకకు పోయిండు. తెల్లారి పనికి పోతె పొమ్మనలే, రమ్మనలే. నేను పోయి నా స్టూలు మీద కూసున్న. ఇంకో ఐదేండ్లు అక్కడనే చేసిన. మా ఇద్దరి మధ్యల ఆ ముచ్చట మళ్ల ఏనాడూ రాలే. సర్వీస్ సెంటరోళ్లు మనుషులను పంపుడు బంద్ పెట్టిండ్రు, దుకాణం మూతపడలే. క్యాబు డ్రైవర్లు ఒకరికొకరు చెప్పుకున్నరు, "తప్పైతె పిలిచి చెప్పే ఆమె ఉన్నది" అని. అది నా గొప్ప కోసం చెప్తలే. తప్పు ఒప్పుకుంటె బేరం పోతదని మిమ్మల్ని భయపెట్టేటోళ్లు ఎక్కువమంది ఉంటరు. వాళ్లకు చెప్పనీకె ఒక మాట ఉండాలె కదా.

పదకొండో బండి రాలే. అది హయత్‌నగర్‌ది. ఆ ఇంటాయన ఫోన్ల, "మంచిగ పనిచేస్తుంటె ఎందుకు ఇప్పాలె? రాను పో," అన్నడు. ఆదివారం నాడు పనిముట్ల సంచి పట్టుకొని బస్సెక్కి పోయిన. పాత మోతుబరి కుటుంబం, పొలాలు పోయి ప్లాట్లయినయి. పెద్ద గేటు. వాళ్ల అమ్మ బయట కుర్చీల కూసోని చిక్కుడుకాయలు తుంచుతుంది. కొడుకు రాకముందే ఆమెకు సంగతంత చెప్పిన. ఆమె కొడుకును పిలిచి, "చెవి ఇయ్యిరా, ఆడమనిషి గింత దూరమొచ్చింది," అన్నది.

కారుల స్టీరింగ్ కింద ఎల్లకిల పండుకొని, టార్చిలైటు నోట్ల పట్టుకొని చూసిన. టేపు గట్టిగనే ఉన్నది. వైరు ఏడ పెట్టిన్నో ఆడనే ఉన్నది, వెంట్రుకంత కూడ జారలే. అయినా టేపు కోసేసి, నాలుగు టైలు పెట్టి కట్టి, కొసలు కత్తిరించి, చేతితోని గుంజి చూసి లేచిన. చీర దులుపుకుంటుంటె ఆ కొడుకు నవ్వుతుండు.

"చెప్పిన కదా, ఏం లేదని."

ముసలమ్మ గూడ జర జాలిగ చూసింది. "ఏం లేనిదానికి ఆదివారం పూట గింత దూరం ఒచ్చినవా బిడ్డా?"

"అవునమ్మా," అన్న. "ఏం లేదని నా కండ్లతోని చూడనీకె ఒచ్చిన."